లావు గొట్టం

“లావు గొట్టం పెడితే బండికి బలం పెరుగుతుందనుకుంటారు. మిట్టెక్కేటప్పుడు తగ్గుతుంది,” అని అరిచాడు మెకానిక్. “పొగ తోసుకుపోయే ఊపు చస్తుంది. కంపెనీ సైలెన్సరే ఉంచుకోండి.”

ఆ షెడ్డులో అరిస్తేనే మాట. అందుకే పెద్దాయనకి ఈ మెకానిక్ అంటే కాస్త గురి. ఈ మధ్య మిగతా లోకమంతా గొణుగుతోంది. కూతురు గొణుగుతుంది, టీవీ గొణుగుతుంది. పోయిన భార్య ఒక్కతే నోరు తెరిచి మాట్లాడేది.

“విన్నావా?” అన్నాడు అల్లుడితో.

అల్లుడు విన్నాడు. విని, లావు గొట్టమే బిగించమన్నాడు.

టైల్స్ గోదాము మిట్ట మీద ఉంది. కొన్నాళ్ళుగా సరుకుతో పెద్దాయన నడిపే చిన్న ట్రక్కు మిట్ట సగంలో ఎగిరెగిరి ఆగిపోతోంది. వెనక పెట్టెల్లో టైల్స్ పగులుతున్నాయి. ఇంజను చచ్చుబడిందని పెద్దాయన, మనిషే చచ్చుబడ్డాడని గోదాము యజమాని. ఇంకొక్కసారి ఆగితే స్టీరింగు అల్లుడికిచ్చెయ్యమని తేల్చేశాడు.

పెద్దాయన ఏనాడూ మీటరు వంక చూసి గేరు వేసినవాడు కాడు. ఇంజను గొంతు మారితే చెయ్యి దానంతటదే కదిలేది. ఆ సీటు పోతే ఇక ఇల్లే గతి. ఇంట్లో గోడకి భార్య ఫోటో, ఎదురుగా కుర్చీ.

అల్లుడి లెక్క ఆయనకి అర్థమైపోయింది.

“నన్ను దించడానికి బండి నడుం విరగ్గొడుతున్నావు.”

“కుర్ర సరదా అనుకోండి మామయ్యా.”

“నెత్తిన నాలుగు వెంట్రుకలు లేవు, కుర్ర సరదాట.”

బండి స్టార్టు కాగానే వీధిలో కుక్కలు పరారయ్యాయి. అరుగు మీద నిద్రపోతున్న దర్జీ లేచి కూర్చుని, ఈ వయసులో ఇదేం పోయేకాలమన్నట్టు చూశాడు. పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. పక్క సీట్లో అల్లుడు మాత్రం పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

మిట్ట మొదలైంది. వెనక నిండా సరుకు. మెకానిక్ చెప్పింది నిజమే, బండి మునుపటికంటే ముందే బరువెక్కింది. గర్జన మందగించి మూలుగులోకి దిగింది. పెద్దాయన చెయ్యి గేరు మీదికి పోయింది. ఇంకాస్త మూలిగింది, ఇంకో గేరు దించాడు. నత్తలా పాకింది గాని బండి ఆగలేదు. గోదాము యజమాని చెవులు మూసుకుని బయటికొచ్చి, పెట్టెలు విప్పించి చూసి, రసీదు మీద సంతకం పెట్టి లోపలికి పోయాడు.

తిరుగు దారిలో బోల్టులు బిగించుకోవడానికి షెడ్డు దగ్గర ఆగారు.

“మీ ఎత్తు పారలేదు అల్లుడుగారూ,” అన్నాడు పెద్దాయన, మీసం దువ్వుకుంటూ. “బండిని చంపినా చేతిని చంపలేవు.”

“మీకు దణ్ణం మామయ్యా,” అని అల్లుడు చేతులు జోడించాడు.

పెద్దాయన అద్దం తుడుస్తున్నాడు. అల్లుడి పక్కన నిలబడ్డ మెకానిక్ గొంతు తగ్గించాడు. వీడూ గొణగడం నేర్చాడు, అనుకున్నాడు పెద్దాయన.

“లాగుడు తగ్గుతుందని అంత చెప్పినా ఎందుకు వేయించావయ్యా?”

“పాతదానితో ఆయనకి ఇంజను వినపడటం లేదన్నా.”