పేపరు కింద గిటారు

ఐదింటికి కూతురు వచ్చేస్తుంది. ఇప్పుడు ఒంటిగంటా ఇరవై.

భోజనాల బల్ల మీద గిటారు వెల్లకిలా పడుకుని ఉంది. దాని పొట్ట మీద గుండ్రంగా, నల్లగా ఒక మచ్చ. పక్కనే ఏమీ ఎరగనట్టు పాలగిన్నె.

తల్లి ఆ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఎన్నిసార్లు చూసినా తప్పు పాలగిన్నె మీదికి పోవడం లేదు.

అది ఎలక్ట్రిక్ గిటారు. తీగలింకా బిగించలేదు. కూతురు సొంతంగా తయారుచేసుకుంటోంది. ఏడాదిన్నర పట్టింది. చెక్క కోసి, నునుపు చేసి, దాని మీద వెనీర్ అతికించి, రంగు పట్టించింది. వెనీర్ అంటే కాగితమంత పలచటి చెక్కపొర. ఈ సాయంత్రం వార్నిష్ వెయ్యాలి. ఆదివారం కాలేజీలో అందరి ముందూ వాయించాలి. ఇంట్లో సమంగా ఉన్న చోటు ఈ బల్ల ఒక్కటేనని రాత్రి ఇక్కడ పెట్టింది. గోడకి చీటీ కూడా అంటించింది: “వేడి గిన్నెలు, తడి చేతులు, సలహాలు దగ్గరికి రాకూడదు.”

పోయినేడు ఈ గిటారు బొమ్మ గీసుకున్న కాగితాన్ని తల్లి పొరపాటున అలమారలో ఉప్పు డబ్బా కింద పరిచింది. నెల్లాళ్ళు కూతురు ఆవిడతో మాట్లాడలేదు. అది కాగితం. ఇది గిటారు.

అసలు న్యూస్ పేపరే కొంప ముంచింది. టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదివే భర్త, ఇవాళ పేపరు చదవకుండానే గిటారు మీద కప్పేసి, పెట్టుకున్న టీ కూడా తాగకుండా ఆఫీసుకి పరిగెత్తాడు. దుమ్ము పడకూడదని కాబోలు. ఇందాక ఆవిడ చేతిలో కాగిన పాలు. అవతలి గదిలో ఫోను మోత. పేపరే కదా అని గిన్నె దింపేసింది. కింద ఏముందో ఆ క్షణాన గుర్తు రాలేదు. మాట్లాడి వచ్చి గిన్నె తీస్తే పేపరు కాస్తయినా కమల్లేదు. ఎత్తి చూస్తే కింద ఇదీ సంగతి.

కూతురి నోటుపుస్తకం తెరిచింది. అంతా అందులోనే ఉంది. అతికిన పొర ఊడాలంటే వేడి తగలాలి. కొత్తది అతకాలన్నా వేడే తగలాలి. ఈ మాత్రం చదువు వంటింట్లోనూ చెప్తారు.

ఇస్త్రీ పెట్టె పెట్టింది. పొర వేడెక్కగానే అంచు కింద పలచటి కత్తి దూర్చి మెల్లగా నెట్టింది. మచ్చతో సహా లేచి వచ్చింది. ఒకటి పాడైతే ఉంటుందని కూతురు రెండో ముక్క దాచుకుంది. పాడు చేసేదెవరో కూడా ముందే అనుకుని ఉంటుంది.

చెక్కకీ పొరకీ జిగురు రాసి, ఆరనిచ్చి, పొర పరిచి, పైనించి ఇస్త్రీ చేసింది. తర్వాత గోటితో తట్టి చూడాలి. గట్టిగా పలికితే అతికినట్టు. డొల్లగా పలికితే లోపల గాలి ఉన్నట్టు. నడిమధ్య ఒకచోట డొల్లగా పలికింది. ఇరవై రెండేళ్ళుగా భర్త చొక్కా కాలర్లని లొంగదీసిన చెయ్యి అది. ఇంకోసారి నొక్కింది. గట్టిగా పలికింది.

బ్లేడుతో అంచులు కోస్తుండగా ఫోను. భర్త.

“భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళావా?”

బ్లేడు ఆగిపోయింది. “ఎందుకూ?”

“ఊరికే. ఆ పేపరు తియ్యకు. నేనొచ్చి చదువుకుంటా.”

“మీ పేపరు నాకెందుకండీ!” అంది, చేతికి అంటిన జిగురు ఆ పేపరుకే తుడుస్తూ.

ఆయనకి అనుమానం వచ్చిందనుకుంది.

ఇక రంగు. గుడ్డ ముక్క ముంచి, చెక్క చార వెంటే తుడవాలి. మూడు పూతలు. మొదటి పూతకే చెక్క ఎర్రబడింది, ఒక్కచోట తప్ప. అక్కడ బొటనవేలంత తెల్లటి మచ్చ. ‘జిగురు అంటిన చోట రంగు పట్టదు’ అని నోటుపుస్తకంలో రెండు గీతలు గీసి మరీ ఉంది. ఆవిడ సంతకం పెట్టినంత స్పష్టంగా వేలిముద్ర.

మూడూ నలభై.

గరుకు కాగితంతో రుద్దాలి. తక్కువ రుద్దితే మచ్చ పోదు. ఎక్కువ రుద్దితే పొరే పోతుంది. ఇంకో ముక్క లేదు. ఊపిరి బిగబట్టి రుద్దింది. ఆగింది. చూసింది. మళ్ళీ రుద్దింది. రెండో పూత వేసింది.

పట్టింది.

మూడో పూతకి మిగతా చెక్కలో కలిసిపోయింది. పాత పొరని రెండు ముక్కలుగా విరిచి బియ్యం డబ్బా వెనక దాచింది. ఆ డబ్బా వెనక్కి ఈ ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ చూడరు.

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది. కూతురు కాదు. ఆరు దాటితే కానీ రాని భర్త. చంకలో పొడవాటి చుట్ట ఏదో ఉంది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు.

“పేపరేదీ?”

“మడిచి పెట్టాను.”

ఆయన గిటారు మీదికి వంగాడు. చెయ్యి పెట్టబోయి ఆగాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇక దాచి లాభం లేదనుకుంది ఆవిడ. “ఏమండీ, దానికి మాత్రం చెప్పకండి...”

ఆయన వినిపించుకోలేదు.

“పొద్దున నేను టీ గిన్నె పెట్టి కాల్చిన మచ్చ ఇక్కడే ఉండాలే, ఏమైంది?” అన్నాడు, చంకలోని కొత్త వెనీర్ చుట్టని బల్ల మీద పెడుతూ.