ఛీపో

వకుళమ్మ వీధిలోంచి తెచ్చుకున్న గోధుమరంగు కుక్క పెరటి గేటు పక్కనే ముడుచుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే రాదు, గిన్నెలో పాలన్నం పెడితే ముట్టదు.

"నీ పేరేంటోయ్?" అంది గోడ మీది కాకి.

"ఛీపో" అంది కుక్క. టీకొట్టు దగ్గరా, మాంసం కొట్టు దగ్గరా అందరూ దాన్ని అలాగే పిలిచేవారు మరి.

కాకి నవ్వాపుకోలేక గోడ మీంచి జారబోయింది. అటునుంచి అటే ఎండలో ఆరబెట్టిన వడియాల మీద వాలింది.

"ఛీ, పో!" అని అరిచింది వకుళమ్మ.

కుక్క లేచింది. ఇక్కడా అయిపోయిందనుకుంది. తోక ముడిచి గేటు సందులో తల దూర్చింది.

"ఆగాగు! ఎక్కడికి?" కాకి దాని ముందు వాలి, వడియాన్ని కాలికింద నొక్కిపెట్టింది. "ఆవిడ పిలిచింది నన్ను. ఈ ఇంట్లో ఛీపో అంటే నేనే. మా అమ్మ పేరూ అదే, అమ్మమ్మ పేరూ అదే. మా ఇంటిపేరు కాజేద్దామనా?"

"మరి నా పేరు?"

"పొద్దుట్నుంచి గిన్నె పట్టుకుని 'చిన్నోడా, చిన్నోడా' అంటూంటే ఎవర్ననుకున్నావు? నన్ననా?"

"చిన్నోడా!" అని మళ్లీ వినిపించింది. కుక్క వెనక్కి తిరిగి చూసింది. పెరట్లో ఇంకెవరూ లేరు. మెల్లగా వెళ్లి గిన్నెలో మూతి పెట్టింది.

మర్నాడు వకుళమ్మ వడియాల దగ్గర మళ్లీ "ఛీ, పో!" అని అరిచింది. మెట్టు మీద పడుకున్న చిన్నోడు కళ్లయినా తెరవలేదు.

"ఏమోయ్ కాకీ," అన్నాడు, "నిన్నే పిలుస్తోంది."