సైగలు అమ్ముకున్నవాడు

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం గట్టు మీద నిలబడ్డ అసిస్టెంట్ కోచ్ డ్వేన్ తన ఆటగాళ్లకి సైగగా చెవి పట్టుకున్నాడు.

గ్యాలరీ ముందు వరసలో నారింజ రంగు టోపీ పెట్టుకున్న వెర్నన్ గభాలున లేచాడు. బంతి తన కొడుకు కోల్బీకే! కొడుక్కి బంతి వస్తుందంటే ఆ మనిషి కూర్చోలేడు.

బంతి వచ్చింది. అది చేతికందేలోపే అవతలి జట్టువాళ్లు ముగ్గురు మీద పడి కోల్బీని మట్టి కరిపించారు.

బ్రయర్ క్రీక్ కాలేజీ మళ్లీ ఓడిపోయింది. కొత్త కోచ్ మెరిక్ వచ్చిన దగ్గర్నుంచీ జట్టు గెలుపు మొహం చూడలేదు.

"చూశావా? బంతి ఎవరికొస్తుందో వాళ్లకి ముందే తెలుసు!" వెర్నన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"ఎలా తెలుస్తుందంటావు?" అన్నాడు పక్కనున్న హోయిట్. ఊళ్లో సెలూన్ అతనిదే.

"ఎవడో చెబితే! సైగలు తెలిసింది కోచ్‌లకీ కుర్రాళ్లకీ. కుర్రాళ్లు చెప్పరు. చెబితే జెర్సీ లాక్కుని బయటికి గెంటేస్తారు, ఫీజు మాఫీ కూడా పోద్ది. డ్వేన్ మన ఊరివాడు. ఇక మిగిలిందెవడు?"

హోయిట్ కళ్లు చిట్లించాడు. "మెరిక్ ఇదివరకు ఓల్డ్‌ఫీల్డ్ కాలేజీలో చేశాడు కదూ? మన పగవాళ్ల దగ్గర?"

"మరదే! కాపురం ఇక్కడ, మనసు అక్కడ."

సెలూన్‌లో పడ్డ మాట ఊరంతా పాకడానికి ఎంతసేపు? మెరిక్ నవ్వితే అమ్ముడుపోయాడన్నారు. నవ్వకపోతే, చేసిన పనికి నవ్వెలా వస్తుందన్నారు. పెట్రోలు బంకులో ఓల్డ్‌ఫీల్డ్ వాడెవడో పలకరిస్తే తలూపాడట. ఇంకేం సాక్ష్యం కావాలి!

మెరిక్ వారం వారం సైగలు మార్చాడు. అయినా అదే తంతు.

వెర్నన్ కూడా వారం వారం భోజనాల దగ్గర కొడుకుని కదిపేవాడు.

"ఈసారి ఏంట్రా?"

"బయటివాళ్లకి చెప్పకూడదు నాన్నా."

"నేను బయటివాణ్ణా? నీకు నడక రాకముందే చేతికి బంతిచ్చింది ఎవర్రా?"

కోల్బీ మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ గొణిగేవాడు. "మోకాలు తడితే నాకు."

ఆ మాట వెర్నన్ హోయిట్‌కి కూడా చెప్పలేదు. ఆ విషయంలో మనిషి నిప్పు.

సీజన్ చివరికొచ్చేసరికి మెరిక్ ఇంటిముందు గడ్డిలో 'ఇల్లు అమ్మబడును' అన్న బోర్డులు మొలిచాయి. కోచ్‌ని పొమ్మని చెప్పడానికి ఆ ఊరి పద్ధతి అది. మొదటి బోర్డు పాతింది వెర్ననే.

చివరి మ్యాచ్ కూడా పోయింది. మర్నాడు కాలేజీ పెద్దల మీటింగు అనగా మెరిక్ వచ్చి వెర్నన్ తలుపు తట్టాడు.

వెర్నన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఏం కావాలి?"

లోపల తింటున్న కోల్బీ తలెత్తి, "రండి కోచ్" అన్నాడు.

"తిను బాబూ" అని మెరిక్ గొంతు తగ్గించాడు. "వెర్నన్ గారూ, వచ్చే ఏడాది మీరు పై వరసలో కూర్చోండి. అక్కణ్ణుంచి ఆట బాగా కనబడుతుంది."

"ఎందుకూ? కింద కూర్చుంటే నీ బండారం కనబడిపోతోందా?"

"కోల్బీ మంచి ఆటగాడు. వాడికి కాలేజీలో ఇంకా ఒక ఏడాది ఉంది. అందుకే చెబుతున్నా."

"వచ్చే ఏడాదికి నువ్వుంటే కదా!"

వెర్నన్ ధడాలున తలుపేశాడు. కొడుకు ఆట పాడుచేస్తానని ఇంటికొచ్చి మరీ బెదిరించాడని హోయిట్‌కి ఫోన్ చేశాడు.

మీటింగులో మొదట లేచింది కూడా వెర్ననే.

"సైగలు బయటికెలా పోయాయో ఈయన చెప్పాలి!"

మెరిక్ లేచాడు. వెర్నన్ వంక ఒక్కసారి చూశాడు.

"జట్టు నాది. పోతే నా చేతిలోంచి పోయినట్టే. ఇంకెవర్నీ అడక్కండి."

"ఒప్పుకున్నాడు! ఒప్పుకున్నాడు!" హాలంతా గోల.

అక్కడికక్కడే మెరిక్ ఉద్యోగం ఊడింది. ఆ పేరు మోసుకుని వెళ్తే ఏ కాలేజీ గడప తొక్కనిస్తుంది? ఊరు మాత్రం పండగ చేసుకుంది.

కోచ్ పదవి డ్వేన్‌కి దక్కింది. వెర్నన్ పీచ్ కేకు పట్టుకుని అతని గదికి వెళ్లాడు.

"దొంగ పోయాడు. ఇక మనవాళ్లకి మంచిరోజులే కోచ్!"

డ్వేన్ కేకు అందుకోలేదు. తలుపు మూసి, గోడ మీద మ్యాచ్ వీడియో వేశాడు.

వీడియోలో డ్వేన్ చెవి పట్టుకున్నాడు. వెనక నారింజ టోపీ లేచింది. అవతలి జట్టు కోచ్ ఆ టోపీ వైపు వేలు చూపించి అరిచాడు. ముగ్గురు కోల్బీ మీదికి దూకారు.

ఇంకో మ్యాచ్. ఇంకో ఊరు. డ్వేన్ మోకాలు తట్టాడు. టోపీ లేచింది.

వెర్నన్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది... మెరిక్ గారు చూశారా?"

"పట్టుకుందే ఆయన. మీ ఇంటికొచ్చిన రోజు పొద్దున్న."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

డ్వేన్ వీడియో ఆపేశాడు.

"నేనూ అదే అడిగా సార్. 'ఆ కుర్రాడికి వాళ్ల నాన్నంటే ప్రాణం, దొంగన్న పేరు నాకే ఉండనీ' అన్నాడు."