వడ్డన కోటు

సొనోదా గారి గుమ్మంలో బూట్లైనా విప్పకుండా నిలబడ్డాను. ఇవాళ మొహమాటం లేదు, దులిపెయ్యాల్సిందే.

మా దీవి బడిలో రెండో తరగతికి ఇద్దరే పిల్లలు. మధ్యాహ్నం అన్నం వడ్డించేటప్పుడు తొడుక్కునే తెల్లకోటు ఒకటే. ఓ వారం ఆవిడ కొడుకు వడ్డిస్తే, ఓ వారం మా అమ్మాయి కొజుయె. వంతు అయినవాళ్ళమ్మ ఆ కోటు ఉతికి రెండోవాళ్ళకి పంపాలి.

ఆవిడ ఉతికిన కోటు తొడిగితే చాలు, మా పిల్లకి తలనొప్పి, వాంతులు. అంతా బట్టలు మెత్తబడాలని పోసే ఆ పూల సెంటు నీళ్ళ మహిమ!

"సొనోదా గారూ, ఆ సెంటు కాస్త..." అన్నాను.

"అయ్యో, చాలట్లేదా?" అందావిడ. "రెండు మూతలు పోస్తున్నానే! సీసా తెరిస్తే నాకే కళ్ళు తిరుగుతాయనుకోండి. అయినా మీ కొజుయె కోసం ఓర్చుకుంటున్నా."

"మా కొజుయె కోసమా?"

"మరి? మావాడి వంతు వచ్చేసరికి ఆ కోటు ఊరగాయ జాడీలా కంపు కొడుతోంది. బడి వంటింట్లో ఎవరో దాని మీద వెనిగర్ ఒలకబోస్తున్నారు. అలాగే మీ పిల్లకి ఎలా పంపను, పాపం! రేపట్నుంచి మావాడి వంతేగా, కోటు తెచ్చారా? ఇటివ్వండి."

ఆవిడ చెయ్యి చాచింది. ఆ సెంటు వదలాలని రెండ్రోజులు వెనిగర్‌లో నానేసిన కోటు నా సంచీలోనే ఉంది.

సంచీ వీపు వెనక దాచుకున్నాను.

"ఇంకా ఆరలేదండీ."