యిర్మీయా గారి పవిత్ర యోధుడు

ఆ శుక్రవారం ఇంట్లో ఐదుగురున్నారు. నర్సు దయావతి, ఆమె భర్త దానం, వాళ్లబ్బాయి క్రిస్, వారం వారం వచ్చి ప్రార్థన చేయించే యిర్మీయా గారు, కడప వైపు పల్లెటూరి పిల్ల ఓబులమ్మ. ఓబులమ్మకు పదిహేడేళ్లు. సోఫాలో చోటున్నా కింద కార్పెట్ మీదే కూర్చుంది.

ప్రార్థన అయింది. బిర్యానీ అయింది. సౌదీ ఎండకు జెద్దాలో బయట కాకి కూడా లేదు.

"ఇంక నేను పోతానక్కా," అంది ఓబులమ్మ.

"ఈ ఎండలో ఎక్కడికమ్మా? కూర్చో," అంది దయావతి.

యిర్మీయా గారు ఫోన్ మాట్లాడటం ముగించి బాల్కనీలోంచి లోపలికి వచ్చారు. "పాపకు తోచడం లేదు. మన ఆట మొదలెట్టు బాబూ," అన్నారు క్రిస్‌తో.

ఆట క్రిస్ తెచ్చింది. స్కూల్లో మలయాళీ స్నేహితుడి దగ్గర పుస్తకం తీసుకుని జిరాక్స్ చేయించాడు. ఒకరు కథ చెబుతుంటారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోయి, తామైతే ఏం చేస్తారో చెప్పాలి. అది పారిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

పాచికలు సైతాను సొమ్మని యిర్మీయా గారు మొదట్లో మండిపడ్డారు. ఆటలో పవిత్ర యోధుడనే పాత్ర ఉందని తెలిశాక మెత్తబడ్డారు. ఆ యోధుడు అబద్ధం ఆడడు. శరణన్నవాళ్లను విడవడు. రాజ్యం చట్టం మీరడు. ఈ మూడింటిలో ఏది తప్పినా దేవుడిచ్చిన శక్తి పోతుంది. ఆ తర్వాత అతని కత్తి ఉల్లిపాయలు తరగడానికే.

"అచ్చం నేనే," అన్నారాయన. అప్పటినుంచి ఆ పాత్రను ఇంకెవరికీ ఇవ్వలేదు.

"ఇవాళ్టి కథ," అన్నాడు క్రిస్. "కోటలోంచి ఒక పనిపిల్ల పారిపోయి మీ గుడారానికి వచ్చింది. అలాంటివాళ్లను దాచితే దేశం నుంచి వెళ్లగొడతారు. అక్కడి చట్టం అది. పనిపిల్ల ఎవరు?"

మిగిలింది ఓబులమ్మే.

"నాకు రాదు," అందామె తల దించుకుని.

"రావడానికేముంది? అడిగినదానికి చెప్పడమే."

యిర్మీయా గారు మీసం సవరించుకుని నాటకం గొంతు తెచ్చుకున్నారు. "ఎందుకు పారిపోయావు, బాలా?"

ఓబులమ్మ కాసేపు కార్పెట్ దారాలు పీకింది. "దొరసాని ఇస్త్రీపెట్టెతో కాల్చింది సార్."

"ఆ కాలంలో ఇస్త్రీపెట్టెలుండవు," అన్నాడు క్రిస్. "అట్లకాడ అనుకుందాం."

"అట్లకాడతో కాల్చింది సార్," అని దిద్దుకుంది ఓబులమ్మ.

"మరి నన్నేం చేయమంటావు?"

"ఒగ రాత్రి దాపెట్టండి సార్. తెల్లారితే మా దేశపోళ్లు ఉండే తావుకు పోతా. వాళ్లు నన్ను మాయమ్మ కాడికి పంపిస్తారంట. ఈ ఒక్క రాత్రి నన్ను పట్టియ్యొద్దు సార్."

దయావతి చున్నీతో కళ్లు ఒత్తుకుంది. "ఎంత బాగా చేస్తోందండీ! మన క్రిస్మస్ నాటకానికి ఇలాంటి పిల్ల దొరికితేనా!"

"సైనికులొచ్చారు," అన్నాడు క్రిస్. "పిల్ల లోపలుందా అని అడుగుతున్నారు. ఏమంటారంకుల్?"

యిర్మీయా గారు కళ్లు మూసుకున్నారు. "లేదంటే అబద్ధం. ఉందంటే ద్రోహం. నోరు మూసుకుంటే వాళ్లే వెతికి పట్టుకుంటారు."

"గట్టిగా తుమ్మితేనో?" అన్నాడు దానం కిటికీ దగ్గర్నుంచి.

"నువ్వు రోడ్డు చూడవయ్యా!" అని కసిరారాయన.

"పోనీ గుడారంలో లేదనండి అన్నయ్య గారూ," అంది దయావతి. "పిల్లను గుర్రాల పాకలో పెడదాం. అబద్ధమూ కాదు, అడిగినవాళ్లకు జవాబూ వస్తుంది."

"సగం నిజం చెప్పడం నా వల్ల కాదమ్మా."

ఓబులమ్మ మోకాళ్ల మీద లేచింది. "ఇంతకీ ఆ పిల్లను పట్టిస్తారా, పట్టియ్యరా సార్?"

యిర్మీయా గారు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. టీ కప్పు ఒలికింది. ఆయన పట్టించుకోలేదు.

"నా శక్తి పోతే పోనీ! దేశం నుంచి వెళ్లగొడితే వెళ్లగొట్టనీ! శరణన్న ఆడపిల్లను పట్టిచ్చే చేతికి దేవుడి కత్తి ఎందుకు? నా గుడారంలో ఏ పిల్లా లేదు, పొండి!"

పాచిక విసిరారు. ఇరవై పడింది.

"సైనికులు నమ్మేశారు!" అని గంతేశాడు క్రిస్. "దేవుడు మెచ్చి శక్తి కూడా ఉంచేశాడంకుల్!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఓబులమ్మ వెళ్లి ఆయన రెండు పాదాలూ పట్టుకుంది. ఏడుస్తోంది.

"ఆటే కదమ్మా, లే," అన్నారు యిర్మీయా గారు. పాదాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బెల్లు మోగింది.

దయావతి లేచి, మిగిలిన బిర్యానీ డబ్బాలో పెట్టి ఓబులమ్మ చేతికిచ్చింది. తను బయటికి వేసుకెళ్లే నల్ల అబాయాల్లో మంచిది తీసి ఆమె భుజాల మీద కప్పింది.

"ఎవురక్కా? యాడికి?"

"మనవాళ్లేనమ్మా, పద," అన్నారు యిర్మీయా గారు, పాచికలు ఏరుకుంటూ.

దయావతి ఆ పిల్లను మెల్లగా గుమ్మం దాటించి, ఆట మొదలుకాకముందే యిర్మీయా గారు ఫోన్ చేసి పిలిపించిన, నిన్న ఆమె పారిపోయి వచ్చిన ఇంటి యజమానికి అప్పగించి, తలుపు వేసేసింది.