మంచి రక్తం

"మా ఆయన తాగడు సారూ. ఆ ఒక్క ముక్క మీ మిషన్‌తోని తేల్చుండ్రి, సాలు," అంది కట్టమ్మ.

హన్మకొండలోని ఆ చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ సారయ్య తలెత్తి చూశాడు. ఎదురుగా ముగ్గురు. కట్టమ్మ, ఆమె భర్త ఎల్లస్వామి, ఎల్లస్వామి అన్న రాయమల్లు. నెక్కొండ పక్క పల్లె నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చారు.

అది ఎనభై ఐదో సంవత్సరం. వాళ్ళ పల్లెకు పత్తి వచ్చి మూడేళ్ళు. ఈ వానాకాలంలో ఎల్లస్వామి చేనులో పురుగుమందు కొడుతూ రెండుసార్లు పడిపోయాడు. ఒళ్ళంతా చెమటలు, నోట్లో నురగ, కళ్ళకు మసక. ఊరికి డాక్టరెందుకు? ఊరే తేల్చేసింది, పొద్దున్నే కల్లు తాగి వీపు మీద పంపు ఎత్తుకుంటాడని. జన్మలో కల్లు ముట్టని మనిషి తాగుబోతైపోయాడు. రెండోసారి పడ్డప్పుడు పక్క చేనువాళ్ళు చూశారు. "కల్లు దిగినంక లేస్తడు తియ్యి," అని తమ పని తాము చేసుకున్నారు.

"పురుగుమందు ఒంట్లకు ఎక్కితే రక్తం చెప్తది," అన్నాడు సారయ్య. "ఎక్కిందని తేలితే కాగితం రాసిస్త. ఆర్నెల్లు ఆ పంపు దిక్కు పోవద్దు. మూడోసారి పడితే మనిషి దక్కడు."

రక్తపు చుక్కలో రసాయనం కలిపితే ఆకుపచ్చ రంగు మెల్లగా పసుపులోకి తిరుగుతుంది. విషమెక్కిన రక్తం ఆలస్యంగా తిరుగుతుంది. ఆలస్యమో కాదో తెలియాలంటే పక్కనే విషం సోకని మంచి రక్తం పెట్టి చూడాలి.

"నువ్విస్తవా?" అని రాయమల్లును అడిగాడు.

"నేను గూడ పంపు కొడత గద సారూ."

కట్టమ్మ ముందుకు జరిగింది. "నాది తీస్కోండ్రి."

"ఎన్నడన్న పంపు ఎత్తుకున్నవా అమ్మా?"

"అయ్యో, ఆడోళ్ళు పంపు ఎత్తుకుంటరా సారూ! మా దిక్కు అది మొగోళ్ళ పని."

గాజులు పైకి తోసుకుని కుడిచెయ్యి చాపింది. వేళ్ళు వణికాయి. సూదంటే భయం కాబోలు అనుకున్నాడు సారయ్య.

రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టాడు. కట్టమ్మ రెప్పవేయకుండా చూసింది. ఆమె రక్తం పసుపులోకి తిరగడానికే చాలాసేపు పట్టింది. రసాయనం పాతబడిందో, ముసురుకు గది చల్లబడిందో. ఇలాంటి తేడాల కోసమే కదా పక్కన మంచి రక్తం పెట్టేది అనుకుని సారయ్య ధీమాగా గడియారం చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎల్లస్వామిది కూడా తిరిగింది.

"విషం లేదమ్మా," అన్నాడు సారయ్య. "ఇద్దరి రక్తం ఒక్కతీరుగనే ఉన్నది." కాగితం మీద అదే రాసి సంతకం చేశాడు.

రాయమల్లు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఊళ్ళె అందరికి సూపెడత. కల్లే అని మిషనే చెప్పె, ఇంకేం గావాలె?"

రైల్లో కట్టమ్మ దారంతా ఏడ్చింది. నెక్కొండ దగ్గర పడుతుండగా, పెళ్ళయిన పన్నెండేళ్ళలో మొదటిసారి భర్తను ఆ మాట అడిగింది.

"నిజం చెప్పు. నాకు తెల్వకుంట తాగుతాన్నవా?"

ఎల్లస్వామి ఆమె ముఖంలోకి చూశాడు. బండి ఆగగానే ముందు దిగి ఇంటి దిక్కు నడిచాడు.

మర్నాడు అతను మళ్ళీ పంపు పట్టుకుని పత్తి చేనుకు వెళ్ళాడు. వెనకాలే నీళ్ళ బిందెతో కట్టమ్మ వెళ్ళింది.

గట్టు మీద డ్రమ్ములో నీళ్ళు పోసి, సీసాలోని పురుగుమందు ఒంపి, మూడేళ్ళుగా చేస్తున్నట్టే గాజులు పైకి తోసుకుని, ఆ కుడిచేతినే మోచేతి దాకా ముంచి కలపసాగింది.