నలభై ఒకటో పేజీ

లిఫ్టు తలుపులు మూసుకోబోతుంటే మధ్యలో ఒక అరిగిపోయిన బూటు అడ్డం పడింది.

బూటు వెనకాలే మనిషి వచ్చాడు. అరవై దాటినవాడు. మెళ్లో బూడిదరంగు కార్డు.

ఆ కన్సల్టింగ్ కంపెనీలో మనిషి ఎంతటివాడో కార్డు రంగే చెబుతుంది. బంగారు రంగుకి ముందు లిఫ్టు. నీలానికి వెనక లిఫ్టు. బూడిదరంగుకి మెట్లు. కాగితాలు పైకీ కిందికీ తిరగడానికి సామాన్ల లిఫ్టు వేరే ఉంది. అంటే బూడిదరంగు వాళ్లకి కాగితాల పాటి సుఖం కూడా లేదన్నమాట.

లోపలున్న సీనియర్ మేనేజరుది బంగారు కార్డు. చేతికొచ్చి ఆర్నెల్లే, మెరుపింకా తగ్గలేదు. చాటున అందరూ అతన్ని ‘స్టేప్లర్’ అంటారు. ఓసారి కింది ఉద్యోగి నుదుటికి గురిచూసి దాన్నే విసిరాడు. కుట్లు మాత్రం ఆస్పత్రివాళ్లే వేశారు.

పక్కన నీలం కార్డు అమ్మాయి. సారు లాప్‌టాప్ మోస్తోంది కాబట్టి సామాను కింద లెక్కేసి ఎక్కనిచ్చారు.

"దిగు," అన్నాడు స్టేప్లర్.

"మీ కోసమే వస్తున్నా సార్. పన్నెండంతస్తులు ఎక్కలేక ఇటొచ్చా. ఒక్క నిమిషం." పెద్దాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"అర్జీలు నా దగ్గర కాదు."

కాగితం లాక్కుని ఉండచుట్టి లిఫ్టు మూలకి కొట్టాడు.

పెద్దాయన దానికోసం వంగాడు. నడుం మీద తన్ను పడింది. మొహం వెళ్లి ఉక్కుగోడకి గుద్దుకుంది. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

"సార్, ఆయనేదో చెబుతున్నాడు పాపం," అంది అమ్మాయి.

"నీకూ కావాలా?"

అమ్మాయి లాప్‌టాప్‌ని గుండెకి అదుముకుంది.

స్టేప్లర్ ఆయన కాలరు పట్టి ఈడ్చి బయటికి తోశాడు. పెద్దాయన నేలమీద పడ్డా, కుడిచెయ్యి మాత్రం గడప వదల్లేదు.

"మీటింగుకి ముందే చూడాలి సార్..."

స్టేప్లర్ ఆ వేళ్ల మీద మడమేసి తొక్కాడు. వదల్లేదు. మళ్లీ తొక్కాడు. ఈసారి ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

లిఫ్టు పైకి లేచింది. స్టేప్లర్ రుమాలుతో బూటు తుడుచుకున్నాడు.

ఈరోజు క్లయింటు సంతకం పెడితే అతను పార్ట్‌నర్ అవుతాడు. ఆ కుర్చీ కోసం పదకొండేళ్లుగా ఎందరి నెత్తిన కాలేసి వచ్చాడో అతనికే గుర్తులేదు.

"నలభై ఒకటో పేజీ సెల్లారు గది నుంచి వచ్చిందా?"

"లేదు సార్. సామాన్ల లిఫ్టు పొద్దుటినుంచి పనిచెయ్యట్లేదట."

ఏ రిపోర్టైనా క్లయింటుకి వెళ్లేముందు సెల్లారులోని తనిఖీ గదికి వెళ్లి రావాలి. ఆకుపచ్చ సిరాతో దిద్దుబాట్లు మోసుకుని తిరిగొస్తుంది. ఆ సిరా స్టేప్లర్ పరువు ఎన్నిసార్లు నిలబెట్టిందో చెప్పలేం. అక్కడెవరో విదేశాల్లో చదివిన ప్రొఫెసరు ఉంటారని అతని నమ్మకం. అందర్నీ తిట్టే నోరు ఆ సిరా పేరెత్తితే మెత్తబడేది. ఓసారి ‘గురువుగారూ, మీ మేలు మర్చిపోను’ అని చీటీ రాసి ఫైల్లో పెట్టాడు.

జవాబొచ్చింది. ‘సంతోషం. వాక్యాలు కొంచెం పొట్టిగా రాయండి.’

ఆ చీటీ ఇప్పటికీ అతని పర్సులో ఉంది.

రిపోర్టంతా నిన్ననే తనిఖీ అయింది. పొద్దున్నే స్టేప్లర్ తనే నలభై ఒకటో పేజీలో ఒక అంకె మార్చి, ఆ ఒక్క పేజీ మళ్లీ కిందికి పంపాడు. అంకె పెద్దదైతే క్లయింటు కళ్లు మెరుస్తాయని.

"ఒక్క పేజీయేగా. ఏం మునిగిపోతుందిలే," అని మీటింగు గదిలోకి నడిచాడు.

క్లయింటు ఒక ఫ్యాక్టరీ యజమానురాలు. సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగింది.

"నాలుగొందల పన్నెండు మందిని తీసెయ్యమన్నారు."

"కఠినంగానే ఉంటుంది మేడమ్. కానీ తప్పదు."

"మా దగ్గరున్నదే మూడొందల ఎనభై. తక్కువపడ్డ ముప్పై రెండు మందినీ మీరు సర్దుతారా?"

ఆవిడ ఫైలు మూసి, కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తలుపు పడగానే, పక్కనే కూర్చున్న పెద్ద పార్ట్‌నర్ ఆ రిపోర్టునే ఎత్తి స్టేప్లర్ మొహాన కొట్టాడు. అట్ట అంచుకి కనుబొమ చిట్లింది. తర్వాత మెళ్లో బంగారు కార్డు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తాడు తెగేలోపు మెడ చర్మం లేచొచ్చింది.

"మెట్లు అటున్నాయి," అన్నాడు.

పన్నెండంతస్తులూ మెట్లమీదే దిగాడు. కింద సెక్యూరిటీ అతను లిఫ్టు గడప మీద నెత్తురు తుడుస్తున్నాడు.

"లిఫ్టులో పడుందండీ. మీదేనేమో," అని నలిగిన కాగితం అందించాడు.

నలభై ఒకటో పేజీ. ఆకుపచ్చ సిరా.

నాలుగొందల పన్నెండు కొట్టేసి ఉంది. ‘రెండు షిఫ్టులు చేసే మనిషిని ఇద్దరుగా లెక్కేశారు. ఇది క్లయింటుకి వెళ్లకూడదు.’

దానికింద చిన్న అక్షరాలు. ‘వాక్యాలు ఇప్పుడు చక్కగా పొట్టిగా ఉంటున్నాయి.’

స్టేప్లర్ మెట్లమీద కూలబడ్డాడు. ఆ ముసలాడు తెచ్చింది ఇదా. పోనీ, మోసుకొచ్చినవాణ్ణి కొడితే కొట్టాడు, రాసినాయన ఉన్నారుగా. కాళ్లమీద పడితే ఆ గురువుగారు పైవాళ్లకో మాట చెప్పకపోరు.

"తనిఖీ గదిలో ప్రొఫెసరుగారు ఉన్నారా? నేను వెంటనే కలవాలి."

సెక్యూరిటీ అతను గుడ్డ బకెట్లో పిండుతూ తలెత్తకుండానే అన్నాడు.

"ప్రొఫెసరెవరో నాకు తెలీదు గానీ, ఆ గదిలో పాతికేళ్లుగా పనిచేసేది ఒక్కరే సార్, ఇందాక కుడిచెయ్యి గుడ్డలో చుట్టుకుని అంబులెన్సు ఎక్కారే, ఆయన."